నేను చదవని మనవి

మా సంఘంలో ప్రతి శుక్రవారం సాయంత్రం ఉపవాస ప్రార్థన జరుగుతుంది. ఆ రోజు వచ్చిన ప్రార్థన మనవుల చీటీలను పైకి చదివే పని ఎనిమిదేళ్ళు నాది. ఆ ఎనిమిదేళ్ళలో ఒకే ఒక్క చీటీని చదవకుండా అడుగున తోసేశాను. అది నా భార్య రాసింది. ఆ సంగతి ఏడాది దాకా ఆమెకు చెప్పలేదు, సంఘానికి చెప్పలేదు. దేవుని ముందు మోకరించినప్పుడు కూడా సూటిగా ఒప్పుకోలేదు. ఆయనకు తెలుసులే అని దాటవేశాను.

మా సంఘం శామీర్‌పేటలో, రోడ్డుకు కొంచెం లోపలగా, రేకుల కప్పున్న ఒక హాలు. తలుపు పక్కన చిన్న బల్ల, దాని మీద పాత బిస్కెట్ల డబ్బా, దారం కట్టిన పెన్సిలు, నోటుబుక్కులో నుంచి చింపిన కాగితాలు ఉంటాయి. ప్రార్థన కావలసినవాళ్ళు లోపలికి వస్తూ తమ అవసరం రాసి డబ్బాలో వేస్తారు. పేరు రాయకూడదు. పేరు రాస్తే ప్రార్థన కంటే ముందు ముచ్చట ఊరు దాటుతుందని మా పాస్టరు అయ్యగారు పెట్టిన పద్ధతి అది. సంఘ పెద్దల్లో ఒకడినని చదివే పని నాకు అప్పగించారు. బోరు ఎండిపోయిందని ఒకరు, కొడుకు తాగుడు మానాలని ఒకరు, కోడలికి కడుపు నిలవాలని ఒకరు రాస్తారు. లైసెన్సు పరీక్ష మూడోసారి కూడా తప్పానని ఎవరో రాసిన చీటీ చదువుతూ, నవ్వు ఆపుకోలేక నేను దగ్గు వచ్చినట్టు నటించిన రోజు కూడా ఉంది, ఎందుకంటే నేను డ్రైవర్ని. చీటీలు ఎక్కువై పొద్దుపోతే, మిగిలినవన్నీ చేతిలో పైకెత్తి "ఈ మనవులన్నీ దేవునికి తెలుసు" అంటాను. అందరూ ఆమేన్ అంటారు. ప్రార్థన అయ్యాక చీటీలన్నీ చింపేస్తాం.

మేము ఉండేది లాల్‌గడి మలక్‌పేట్‌లో. కండ్లకోయ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీ బస్సు నడుపుతాను. పొద్దున మా ఇంటి ముందు నుంచే బస్సు కదులుతుంది. శామీర్‌పేట, మేడ్చల్ మీదుగా పిల్లలను ఎక్కించుకుని తొమ్మిదింటికి కాలేజీకి చేరుస్తాను. సాయంత్రం అదే దారిలో తిరిగి వస్తాను. నా భార్య ఇంట్లో జాకెట్లు కుడుతుంది. ఆదివారం సంఘంలో చిన్నపిల్లలకు పాఠం చెబుతుంది. ఆ వారం కంఠస్థం చేయాల్సిన వాక్యాన్ని నల్లబల్ల మీద రాస్తుంది. కాబట్టి ఆమె చేతిరాత మా సంఘంలో తల్లులందరికీ తెలుసు.

గడ్డ సంగతి ఆమె నాకు మొదటి రోజే చెప్పింది. ఈ ఒక్క మాట రాయడం కోసమే ఈ కాగితాలు ముందు వేసుకున్నానని అనుకున్నా తప్పులేదు. స్నానం చేసి వచ్చి, తల తుడుచుకుంటూనే, ఎడమ రొమ్ములో బఠానీ అంత గట్టిగా ఏదో తగులుతోందని, నొప్పి లేదని, రేపు దవాఖానకు పోదామని అంది.

వద్దన్నాను. ముందు ప్రార్థన చేద్దాం, ఇరవై ఒక్క రోజులు ఒంటిపూట ఉపవాసం ఉందాం అన్నాను. అంతకు ముందు ఏడాది నాకు పసిరికలు, అదే కామెర్లు, వచ్చి తగ్గాయి. మందు ముట్టకుండా ప్రార్థనతోనే తగ్గాయని నేను సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్పాను. పదిమంది అది విని కళ్ళు తుడుచుకున్నారు. ఇప్పుడు నా ఇంట్లోనే జబ్బు వస్తే ఆసుపత్రికి పరుగెత్తానని వాళ్ళు అనుకుంటారేమోనని నా బాధ. ఇది పైకి కనిపించే కారణం. లోపల ఇంకొకటి ఉంది. మా అమ్మ కడుపులో గడ్డతో పోయింది. ఆసుపత్రికి తీసుకుపోయి ఆపరేషను చేయించింది నేనే, రెండు నెలల తర్వాత శవంగా ఇంటికి తెచ్చింది కూడా నేనే. కత్తి తగలకపోతే ఇంకొన్నాళ్ళు బతికేదని మా వాళ్ళంతా అన్నారు. ఆ మాట నాలో ఉండిపోయింది. నేను భయపడుతున్నానని ఆమెతో చెప్పి ఉంటే ఆమే నాకు ధైర్యం చెప్పేది. నేను చెప్పలేదు. ఆ భయాన్నే విశ్వాసం అన్నాను.

ఇరవై ఒక్క రోజులు అయిపోయాయి. గడ్డ అలాగే ఉంది. ఇంకో ఇరవై ఒక్క రోజులు అన్నాను.

"ప్రార్థన దవాఖానల గూడ జేస్కోవచ్చు గద" అంది ఆమె.

"అంటే నీకు నమ్మకం లేదా?" అన్నాను.

విశ్వాసుల ఇంట్లో ఆ ప్రశ్న కర్ర లాంటిది. దానికి ఎదురు మాట ఉండదు. ఆమె కుట్టు మిషను దగ్గరికి పోయి కూర్చుంది. తర్వాత వారం ఇంట్లో ఆ ఊసే ఎత్తలేదు. నేను గెలిచాననుకున్నాను.

ఆ శుక్రవారమే చీటీ వేసింది. నేను వరసగా విప్పి చదువుతున్నాను. నాలుగోదో ఐదోదో విప్పగానే నల్లబల్ల మీది అక్షరాలు కనిపించాయి. "రొమ్ములో గడ్డ ఉన్నది. డాక్టరు దగ్గరికి పోవుటకు మా ఇంటాయన మనసు మారునట్లు ప్రార్థించగలరు." ఇంతే. తలెత్తి చూశాను. ఎడమవైపు ఆడవాళ్ళ చాపల మీద, మూడో వరసలో, ఆమె కళ్ళు మూసుకుని కూర్చుంది. నేను ఆ చీటీ పైకి చదివితే రాసిందెవరో ఎవరికీ తెలియకపోవచ్చు, డబ్బాలో వేస్తూ ఎవరైనా చూసి ఉంటే తప్ప. అయినా నా గొంతుతో ఆ మాట నేను పలకలేకపోయాను. కాగితాన్ని అడుగుకు తోసి తర్వాతిది తీశాను. ఆ రోజు చీటీలు ఎక్కువేం లేవు. అయినా చివరి రెండు మూడు చదవకుండా అన్నీ పైకెత్తి, ఈ మనవులన్నీ దేవునికి తెలుసు అన్నాను. అందరూ ఆమేన్ అన్నారు. ఆమె కూడా అంది. ఆమె పెదవులు కదలడం నేను చూశాను. తర్వాత అన్నీ కలిపి చింపేశాను.

బండి మీద ఇంటికి వస్తుంటే, ఇయ్యాల మనసు తేలికగున్నదని ఆమె నా భుజం మీద చెయ్యి వేసింది.

అలా ఇంకో రెండు నెలలు గడిచాయి. ఒక మంగళవారం పొద్దున నేను బస్సు అద్దాలు తుడిచి ఇంజను ఆన్ చేశాను. ఆమె ఆదివారం కట్టుకునే చీర కట్టుకుని, భుజాన సంచితో వచ్చి, బస్సెక్కి, నా వెనక సీట్లో కూర్చుంది. కాలేజీ వాళ్ళు తప్ప వేరేవాళ్ళు ఆ బస్సు ఎక్కకూడదని ఆమెకు బాగా తెలుసు.

"ఏందిది?" అన్నాను.

"మేడ్చల్‌ల దించు. దవాఖానకు పోతున్న."

"చెప్పకుండ గిట్లెక్కుతవా?"

"ఎన్నిసార్లు చెప్పాలె? నువ్వొస్తే రా. రాకుంటే నీ బస్సు నువ్వు నడుపుకో."

తర్వాతి స్టాపులో పిల్లలు ఎక్కడం మొదలైంది. ఇక నేను నోరెత్తడానికి లేదు. రోజూ ముందు సీట్లో కూర్చునే ఒకమ్మాయి ఆమెను చూసి, "ఆంటీ, మా కాలేజీల చేరిన్రా?" అని అడిగింది. "అవు బిడ్డా, నీ పక్కన సీటు ఆపు" అంది నా భార్య. పిల్లలంతా నవ్వారు. అద్దంలో చూస్తే ఆమె కూడా నవ్వుతోంది. రెండు నెలలుగా ఆ నవ్వు నేను చూడలేదని అప్పుడే గమనించాను.

మేడ్చల్‌లో దిగి వెనక్కి తిరిగి చూడకుండా నడిచిపోయింది. కండ్లకోయకు పోయి పిల్లలను దించి బస్సు ఆపాను. కానీ స్టీరింగు ముందు నుంచి లేవలేకపోయాను. మా అమ్మను స్ట్రెచరు మీద తోసుకుపోయిన వరండా కళ్ళ ముందుకు వచ్చింది. అయినా, ఆమె ఒక్కతే బల్ల మీద కూర్చుని తన పిలుపు కోసం చూస్తూ ఉంటుందన్న ఆలోచన ఆ వరండా కంటే భరించలేనిదిగా అనిపించింది. తాళం తోటి డ్రైవరుకు ఇచ్చి, సాయంత్రం ట్రిప్పు చూసుకోమని బతిమాలి, ఆటో ఎక్కి మేడ్చల్ వచ్చాను.

దవాఖానలో ఆడ డాక్టరు గది ముందు, నా భార్య గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి సంచి ఒళ్ళోకి తీసుకుని పక్కన చోటిచ్చింది. కాసేపటికి, "గా చీటీ ఊకెనే పోలే" అంది.

ఏ చీటీ అని అడిగాను. తెలిసీ అడిగాను.

"నీ మీద రాసిన. ఏమనుకోకు. నీ మనసు మార్చమని సంఘానికి రాసిచ్చిన. సదివే వంతు రాకున్నా, మిగిలిన చీటీలతోని కలిపి అందరు ప్రార్థన జేసిన్రు గద, గందుకే వచ్చినవ్. లేకుంటె నువ్వెక్కడ వస్తవు?"

అక్కడే చెప్పి ఉండాల్సింది. లోపల నుంచి ఆమె పేరు పిలిచారు. లేచి వెంట వెళ్ళాను.

డాక్టరమ్మ చేత్తో పరీక్షించి, ఎన్నాళ్ళ నుంచి ఉందని అడిగింది. మూణ్ణెల్లు అయితుందని నా భార్య చెప్పింది. చదువుకున్నదానిలా ఉన్నావు, ఇన్నాళ్ళు ఎందుకు దాచుకున్నావని డాక్టరమ్మ కోప్పడింది. నా భార్య నా వైపు చూడలేదు. భయమైంది, అందుకే ఎవరికీ చెప్పలేదు అంది. నేను గోడ మీద తల్లిపాల పోస్టరు చూస్తూ కూర్చున్నాను.

గడ్డలో నుంచి ముక్క తీసి చేసిన పరీక్షలో క్యాన్సర్ అని తేలింది. నగరంలో పెద్దాసుపత్రికి పంపారు. రెండో దశ అన్నారు. ముందు ఆరు విడతలు కీమో, తర్వాత ఆపరేషను, ఆ తర్వాత రేడియేషను. మొదట్లోనే వచ్చి ఉంటే గడ్డ ఇంకా చిన్నగా దొరికేదని, ఇప్పుడు కూడా మించిపోలేదని, ధైర్యంగా ఉండమని అక్కడి డాక్టరు చెప్పాడు. మించిపోలేదన్న మాట ఆమె పట్టుకుంది. ఇంకా చిన్నగా దొరికేదన్న మాట నేను పట్టుకున్నాను.

ఆ నెలల్లో నేను ఆమెకు చేసిన సేవ నిజమే. అది అబద్ధమని ఎవరూ అనుకోవద్దు. మూడు వారాలకోసారి మందు ఎక్కించే రోజు కాలేజీలో సెలవు పెట్టేవాణ్ణి. రాగి జావ ఉండలు కట్టకుండా కాచడం నేర్చుకున్నాను. పోపు వాసన ఆమెకు పడకపోతే, ఇంట్లో పోపు పెట్టడమే మానేశాం. నోరంతా పూసి నీళ్ళు కూడా మింగలేని రోజుల తర్వాత, ఒకనాడు పచ్చిపులుసు కావాలంది. ఉల్లిగడ్డ, చింతపండు పిసికి ఇస్తే గిన్నె ఎత్తి తాగింది. ఆ రోజు నేను పెరట్లోకి పోయి ఏడ్చాను. జుట్టు కుచ్చులుగా రాలడం మొదలయ్యాక, మిగిలింది నన్నే తీసెయ్యమంది. నా బట్టతల మీద చెయ్యి రాసి, తన గుండు మీద చెయ్యి రాసుకుని, "ఇగ ఇద్దరం ఒక్క తీరైనం. నీది మాత్రం మళ్ల రాదు" అంది.

మందు ఎక్కుతున్నంతసేపూ కళ్ళు మూసుకుని పెదవులు కదిపేది. పాటో ప్రార్థనో తెలిసేది కాదు. పక్క మంచం మీద సిద్దిపేట నుంచి వచ్చిన ఒకామె, నాకు కూడా ఏదన్న చెప్పక్కా అంటే, ఆమె చెయ్యి పట్టుకుని ఆమె కోసం, ఆమె గేదె కోసం కూడా ప్రార్థన చేసింది. ఇంత ధైర్యం ఎక్కడిదని నేను ఒకసారి అడిగాను. ఆమె ఆశ్చర్యంగా చూసింది. ఆ శుక్రవారం నుంచీ సంఘమంతా తన కోసం మొర పెడుతోందని, నా మనసు మారడం దానికి మొదటి జవాబని, మొదటి జవాబు ఇచ్చినవాడు చివరిది ఇవ్వడా అని అంది.

ఆమె ఆ నమ్మకం మీద నిలబడింది. అది నేను చింపేసిన కాగితమని నాకు తెలుసు. ఇప్పుడు చెబితే ఆమె కూలిపోతుందని, ఆమె మంచి కోసమే చెప్పడం లేదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కొంత నిజమే కావచ్చు. ఎక్కువ భాగం మాత్రం నా మంచి కోసమే. ఆ కాలంలో నేను ప్రార్థన చేయలేకపోయాను. మాటలు వచ్చేవి. ఫారం నింపినట్టు ఉండేవి. ఆమె ప్రార్థనలో మాత్రం నా పేరు రోజూ ఉండేది. ఈయనకు ఓపిక ఇవ్వు ప్రభువా అనేది.

సంఘంలో మాట పాకింది. డాక్టరు దగ్గర ఆమె చెప్పిందే అందరికీ చెప్పింది. మూడు నెలలు దాచుకుందట, మొగుడికి కూడా చెప్పలేదట. స్త్రీల కూడిక నడిపే పెద్దమ్మ, మంచి మనిషే, పండ్లు తీసుకుని చూడటానికి వచ్చి మంచం పక్కన కూర్చుని, "గట్లెట్ల దాసుకున్నవే పిల్లా? గీయన లాంటోడు ఇంట్ల ఉండంగ?" అంది. నా భార్య ఒక్కసారి నా వైపు చూసి, "తప్పయింది పెద్దమ్మా" అంది. నేను మంచినీళ్ళ గ్లాసు పెద్దమ్మకు అందించాను. నీలాంటోళ్ళు ఎందరుంటరు కొడుకా అని ఆమె నా తల నిమిరింది. అంతకంటే సిగ్గుపడాల్సిన క్షణం నా బతుకులో లేదు. కానీ ఆ రోజు సిగ్గు కంటే ముందు సంతోషం కలిగింది. అది కూడా రాయాలి.

పిల్లలకు పాఠం చెప్పడం వేరొకరికి అప్పగించారు. ఒంట్లో బాగాలేదని మానేసిందనే నేను అనుకున్నాను. ఎవరో ఒకామె, దాచే అలవాటున్నామె పిల్లలకేం నేర్పుతుందని అన్నదట. నా భార్య ఆ మాట విందట. నాకు చెప్పలేదు.

ఆపరేషన్ అయింది. డాక్టర్లు తృప్తిగా ఉన్నారు. రేడియేషను మొదలైంది. ఆసుపత్రిలో అందరూ దాన్ని కరెంటు పెట్టడం అంటారు. వారానికి ఐదు రోజులు, పిల్లలను కాలేజీలో దించగానే నేను వచ్చేవాణ్ణి, ఇద్దరం పోయి సాయంత్రం ట్రిప్పులోగా తిరిగి వచ్చేవాళ్ళం. తలకు కట్టుకున్న గుడ్డ కింద మెత్తటి జుట్టు మొలిచింది. ఆకలి పుట్టింది. మిషను మీది దుమ్ము తుడిచింది.

అలాంటి ఒక శనివారం సాయంత్రం మా సంఘంలో ఒక చిన్న వయసు తల్లి ఇంటికి వచ్చింది. నేను వంటింట్లో చాయ్ పెడుతున్నాను. ఆమె గొంతు తగ్గించి, తనకు కూడా రొమ్ములో ఏదో తగులుతోందని, మొగుడు పట్టించుకోవడం లేదని చెబుతోంది. నా భార్య, వెంటనే డాక్టరుకు చూపించుకోమని చెప్పి, ఎవరితోనూ అనవద్దని ఒట్టు పెట్టించుకుని, తను రాసిన చీటీ ముచ్చట మొదటిసారి బయటపెట్టింది. సంఘం ప్రార్థన చేయడం, నా మనసు మారడం, నేను మేడ్చల్‌కు పరుగెత్తి రావడం, అంతా.

"అయితే నేను గూడ రాస్త అక్కా" అంది ఆ పిల్ల. "అన్న లెక్క మా ఆయన మనసు గూడ మారినంక ఇద్దరం కలిసి పోతం. అన్ననే గద సదివేది, మంచిగ సదువుమను."

చాయ్ పొంగి పొయ్యి మీద పడింది. ఇన్నాళ్ళూ నా అబద్ధం నా ఇంట్లో ఉంది, దాని బరువు మేమిద్దరమే మోస్తున్నామని అనుకున్నాను. ఇప్పుడది ఇంకో ఇంటికి పోతోంది. దాన్ని నమ్ముకుని ఇంకో ఆడమనిషి ఎదురుచూస్తూ కూర్చోబోతోంది.

ఆ పిల్ల వెళ్ళాక, ఇంకా వెలుతురు ఉండగానే, గడప మీద కూర్చున్న నా భార్య పక్కన కూర్చుని చెప్పాను. నీ చీటీ చివర మిగిలిపోయిన వాటిలోది కాదని, విప్పి చూసి కూడా కావాలనే పైకి చదవలేదని, ఎవరూ దాని కోసం ప్రార్థన చేయలేదని, చింపేశానని.

వీధిలోకే చూస్తూ, "నా రాత గుర్తువట్టినవా?" అని అడిగింది.

"పట్టిన."

"మొత్తం సదివినవా?"

"సదివిన."

"నేను ఆమేన్ అన్నప్పుడు చూసినవా?"

"చూసిన."

లేచి లోపలికి పోయింది. ఆ రోజు ఇంట్లో కుటుంబ ప్రార్థన జరగలేదు. మా పెళ్ళయ్యాక అదే మొదటిసారి.

తెల్లారి ఆదివారం. కూడిక అయిపోగానే ఆ పిల్లను పక్కకు పిలిచి, చీటీ సంగతి తర్వాత, రేపు పొద్దున్నే నాతోని నడువు అని చెప్పింది. సోమవారం పొద్దున, తన కరెంటుకు పోవడానికి ముందే, ఆమెను మేడ్చల్‌లో అదే డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది. ఆ పిల్లది మామూలు గడ్డ అని, భయం లేదని తర్వాత పరీక్షల్లో తేలింది.

నాతో మాత్రం అవసరమైన మాటలే. అన్నం తిను. ఫైలు తీసుకో. నాకు భయం పట్టుకుంది. ఆమె నన్ను విడిచిపెట్టినా సరే, దేవుణ్ణి విడిచిపెడితే ఆ పాపం నాదే అనుకున్నాను. మంగళవారం ఆసుపత్రికి పోయే బస్సులో, కిటికీ పక్కన కూర్చుని, ఆమే మాట మొదలుపెట్టింది.

"నువ్వు సదవకపోతే దేవునికి అందదా? నువ్వేమన్న పోస్ట్‌మాన్‌వా ఆయనకు?"

నేను ఫైలు ఒళ్ళో పెట్టుకుని ఆమె వైపు తిరిగాను.

"నువ్వు సదవలే. సంఘం ప్రార్థన జెయ్యలే. అయినా మేడ్చల్‌కు ఉరికొచ్చినవ్. మరెవరు తోలిన్రు నిన్ను? గది ఆలోచించిన మూడు దినాలు. నాకు ఇంకింత ధైర్యమే వచ్చింది."

క్షమించమని అడగబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు. నా కోపం గది కాదు. మూణ్ణెల్లు నా పెయ్యి, నా పానం కంటె నీ పరువు పెద్దగైంది నీకు. దానికి నాకింక కోపమే ఉన్నది. అది పోయేటప్పుడు పోతది, నువ్వు జల్దీ జెయ్యకు. కాని నేను దాసుకున్ననని సంఘమంత అంటున్నరు. డాక్టరు ముంగట నిన్ను కాపాడిన. అందరి ముంగట గూడ కాపాడుకుంట పోవాల్నా? ఇగ నాతోని కాదు."

ఆ సాయంత్రం అయ్యగారి దగ్గరికి పోయి అంతా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి, నాతో కలిసి ప్రార్థన చేశారు. తర్వాత, సంఘంలో చిన్న విశ్వాసులు తొట్రిల్లకుండా, ఒక పొరపాటు జరిగిందని క్లుప్తంగా చెబితే చాలునేమో అన్నారు. ఆయన ఉద్దేశం మంచిదే. నాకు కూడా అది ఎంతో హాయిగా తోచింది. ఇంటికి వచ్చి, శుక్రవారం చెప్పాల్సింది కాగితం మీద రాసుకున్నాను. నా భార్య ఆ కాగితం తీసుకుని చదివింది.

"పొరపాటంటే కాలు జారుడు" అంది. "నీ కాలు జారలే. నిలబడి, చూసి, పక్కకు వెట్టినవ్."

ఆ కాగితం పక్కన పడేశాను. అయ్యగారికి ఫోన్ చేసి, ఉన్నది ఉన్నట్టు చెబుతానని, ఆ తర్వాత సంఘ పెద్దగా ఉండనని చెప్పాను. అట్లాగే కానివ్వండి అన్నారు ఆయన.

శుక్రవారం వచ్చింది. ఆ రోజు నేను పొద్దున్నుంచి నీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. అది ఉపవాసమో, ఏమీ దిగకపోవడమో చెప్పలేను. హాలు నిండా ఉన్నారు. పెద్దమ్మ ముందు వరసలో ఉంది. నా భార్య తలకు గుడ్డ కట్టుకోకుండా వచ్చింది. మొలిచిన పొట్టి జుట్టుతో, అందరూ చూస్తుండగా, వెళ్ళి తన చోట కూర్చుంది. అయ్యగారు నన్ను పిలిచారు. ముందుకు నడిచాను.

నాలుగే మాటలు అనుకుని వెళ్ళాను. అంతకంటే ఎక్కువే చెప్పాను. నా భార్యకు గడ్డ తెలిసిన మొదటి రోజే నాకు చెప్పిందన్నాను. డాక్టరు దగ్గరికి పోనివ్వనిది నేనన్నాను. నాకున్నది విశ్వాసం కాదు, మా అమ్మ చావు నుంచి పట్టుకున్న భయం, దాని మీద మీరు నాకిచ్చిన పేరు పోతుందన్న దిగులు అన్నాను. మీతో ప్రార్థన చేయించమని ఆమె రాసిస్తే చదవలేదని, ఆమెను మీరంతా తప్పుపడుతుంటే నిలబడి మెప్పు తీసుకున్నానని చెప్పాను. పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎవరూ ఆమేన్ అనలేదు. అనకపోవడమే మంచిదైంది.

నన్ను క్షమించమని సంఘాన్ని అడిగాను. అప్పుడు ఆడవాళ్ళ వైపు తిరిగి, నా భార్యను పేరు పెట్టి పిలిచాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో పదిమందిలో ఆమెను పేరుతో పిలవడం అదే మొదలు. ఆమె తలెత్తి చూసింది. ముందుగా అనుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. ఇంట్లో మాట్లాడినట్టే నోట్లో నుంచి వచ్చింది.

"నువ్వు ఎవ్వలకు ఏం దాయలే. దాసింది నేను. నీ పానం మీదికొస్తున్నా నా పేరు కాపాడుకున్న. నన్ను క్షమించు."